కోట్ల డిగ్రీల చెంత గోడ నిలుచు విధము

సూర్యునియందు జరుగు కార్యమును భూమిపై నొక పాత్రలో జరిపించి, దానివలన విద్యుచ్ఛక్తిని బడయవలెనని శాస్త్రజ్ఞులు డెబ్బదియేండ్లకు మించి పాటుపడుచున్నారు. ఈ ప్రయత్నమును గూర్చిన వార్తలు పత్రికలలో అప్పుడప్పుడు వచ్చుచుండును. "పదికోట్ల డిగ్రీలు" అనియు, "పదునైదుకోట్ల డిగ్రీలు" అనియు పెద్ద అక్షరములతో అచ్చుపడును. అది చదివిన బాలబాలికలు వెంటనే యొక ప్రశ్న వేయుదురు: "అంత వేడిగల వస్తువును దేనిలో నుంచెదరు? ఆ పాత్ర కరగిపోదా?" ఇది చాల మంచి ప్రశ్న. పెద్దలు దీనికి "అయస్కాంతములతో పట్టియుంతురు" అని యొక్క ముక్కలో బదులు చెప్పి తప్పించుకొందురు. ఆ బదులు నిజమే గాని సగమే నిజము. మిగిలిన సగము గోడను గూర్చినది. దానినే యీ వ్యాసమున కొంత విపులముగా వ్రాయదలచితిమి.

మొదట నీ కొలిమిలో నేమి జరుగునో తెలిసికొందము. ఉదజని పరమాణువులలో సామాన్యమైన దానికంటె బరువైన జాతులు రెండు గలవు. వానికి డ్యూటీరియము, ట్రిటియము అని పేరులు. వీని కేంద్రకములు మిక్కిలి వేగముతో తాకినపుడు కలిసిపోయి, ఒక హీలియము కేంద్రకమును ఒక న్యూట్రానును వెలువరించును. అప్పుడు పుట్టు శక్తిని ఐదు పాళ్లు చేసినచో నాలుగు పాళ్లు న్యూట్రాను గొనిపోవును. ఒక పాలు హీలియమునకు దక్కును. న్యూట్రానునకు విద్యుదావేశము లేదు గావున అయస్కాంతము దాని నాపజాలదు. అది గోడ వెనుక లోతుగా జొచ్చి అచట వేడిమిని పుట్టించును. ఆ వేడిమితోనే నీటి నావిరి చేసి యంత్రములు త్రిప్పవలెనని యుద్దేశము. హీలియముయొక్క పాలు మాత్రము లోపలనే నిలిచి ప్లాస్మాను వేడిగా నుంచును. ప్లాస్మా యనగా పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడిపోయి, అవియు కేంద్రకములును కలగలుపుగా తిరుగుచుండు వాయువు. కేంద్రకములన్నియు ధనావేశము గలవి యగుటచే ఒకదాని నొకటి త్రోసికొనును. ఆ త్రోపును జయించుటకే యిన్ని కోట్ల డిగ్రీలు కావలసివచ్చినవి. సూర్యుని నడిమిభాగమున ఒకటిన్నర కోటి డిగ్రీలు చాలును. అచట ఒత్తిడియు అపారము, కాలమును అపారము. మనకు రెండును లేవు గనుక దానికి పదిరెట్లు వేడి కావలెను.

ఇచట విద్యార్థులు జాగ్రత్తగా గమనింపవలసిన సంగతి యొకటి గలదు. వేడిమి వేఱు, ఉష్ణోగ్రత వేఱు. దీపావళినాడు కాకరపువ్వొత్తి కాల్చునపుడు రవ్వలు చేతిపై పడుచుండును. ఆ రవ్వ తెల్లగా వెలుగుచున్నదనగా దాని ఉష్ణోగ్రత వేయి డిగ్రీలకు తక్కువ యుండదు. ఐనను చేయి చురుక్కుమనునే గాని కాలదు. గంజి వార్చునపుడు చేతిపై నొక గరిటెడు గంజి పడినచో, దాని ఉష్ణోగ్రత నూఱు డిగ్రీలైనను లేకున్నను బొబ్బలెక్కును. రవ్వలోనున్న పదార్థము అత్యల్పము. అందుచే అది యియ్యగల వేడిమియు అత్యల్పము. ఉష్ణోగ్రత యనునది ఒక్కొక్క కణము ఎంత వేగముగా పరుగెత్తుచున్నదో తెలుపును. ఎన్ని కణములు పరుగెత్తుచున్నవో అది చెప్పదు.

ప్లాస్మా సంగతియు నిట్టిదే. ఫ్రాన్సుదేశపు దక్షిణభాగమున కదరాష్ అను చోట ఇటర్ అను మహాయంత్రమును కట్టుచున్నారు. ఐరోపా సమాఖ్య, చైనా, జపాను, దక్షిణ కొరియా, రష్యా, అమెరికాలతోపాటు మన భారతదేశమును అందు భాగస్వామి. దానిలో ప్లాస్మా నిండు స్థలము సుమారు 830 ఘనపు మీటర్లు. అనగా మన పాఠశాలలోని గదులు నాలుగైదు కలిపినంత. ఆ స్థలమంతటిలోను ఉండబోవు ప్లాస్మా బరువు ఒక గ్రాముకు లోపే. మనము పీల్చు గాలితో పోల్చినచో అది లక్షల రెట్లు పలుచన. కాబట్టి ప్లాస్మా తాకినంతనే గోడ మాయమగునని భయపడుట సరికాదు. పొరపాటున తాకినచో ముందుగా చల్లారిపోవునది ప్లాస్మాయే. అయస్కాంతముల పని చాలవఱకు గోడను ప్లాస్మానుండి కాపాడుటకంటె ప్లాస్మాను గోడనుండి కాపాడుట యని చెప్పవచ్చును. ఈ మాట పత్రికలవారు వ్రాయరు. కోట్ల డిగ్రీలే వారికి రుచించును.

ఐనచో గోడకు భయమే లేదా? కలదు, కాని అది వేఱొక దిక్కునుండి వచ్చును. ఇటర్ నిండుగా పనిచేయునపుడు బయటినుండి 50 మెగావాట్లు, అనగా ఐదుకోట్ల వాట్లు, ప్లాస్మాలోనికి పంపి దానిని వేడిచేయుదురు. కేంద్రకముల కలయికవలన 500 మెగావాట్లు పుట్టవలెనని సంకల్పము. అందు ఐదవ పాలు, అనగా 100 మెగావాట్లు, హీలియమువలన లోపలనే నిలుచును. రెండును కలిపి 150 మెగావాట్లు. ఇది క్షణకాలపు మాట కాదు. నిమిషములకొలది ఎడతెగక ఆ శక్తి లోపలికి చేరుచునే యుండును. చేరిన దంతయు ఏదో యొక త్రోవను బయటికి పోవలసినదే. నీరు వచ్చి పడుచున్న చెఱువునకు కలుజు లేనిచో కట్ట యెక్కడ తెగునో యెవరు చెప్పగలరు? అందుచేత మన పెద్దలు కట్టకు నొక ప్రక్కన రాళ్లు పఱచి, మిగులు నీరు ఆ రాళ్లమీదుగానే పొర్లిపోవునట్లు కలుజు కట్టిరి. ఈ యంత్రములోను శాస్త్రజ్ఞులు చేసినది సరిగా నదియే.

దాని నర్థము చేసికొనుటకు యంత్రపు ఆకారము కొంచెము తెలియవలెను. నడుమ చిల్లుగల గారెను తలచుకొనుడు. ప్లాస్మా ఆ గారె యాకారమున నుండును. అయస్కాంత రేఖలు గారెచుట్టును మెలికలు తిరుగుచు పోవును. ఆవేశముగల కణములు ఆ రేఖలను పట్టుకొని పరుగెత్తునే గాని వానిని దాటుట వానికి కష్టము. ఇట్టి యంత్రమునకు టోకమాక్ అని పేరు. సోవియట్టు శాస్త్రజ్ఞులు ఈగోర్ టామ్, ఆంద్రే సఖరోవ్ అనువారు 1950 ప్రాంతమున దీని మూలసూత్రములు చెప్పిరి. 1968 లో వారి దేశస్థులు తమ టి-3 యంత్రపు ఫలితములు ప్రకటించినపుడు ఇతర దేశములవారు నమ్మలేదు. అంతట బ్రిటిషు శాస్త్రజ్ఞులు కొందఱు తమ లేసరు పరికరములతో మాస్కో నగరమునకు పోయి, 1969 లో స్వయముగా కొలిచి, వారి మాట నిజమేనని తేల్చిరి. నాటినుండి ప్రపంచమంతటను టోకమాకులే ఎక్కువగా కట్టబడినవి.

కణములు రేఖలను దాటుట కష్టమేగాని అసాధ్యము కాదు. అవి ఒకదాని నొకటి తాకుచు, సుడులు తిరుగుచు, మెల్లమెల్లగా అంచునకు జేరును. అంచుదగ్గఱ అయస్కాంత రేఖలను కావలెననియే క్రిందికి వంచి, యంత్రపు అడుగున నున్న ప్రత్యేకమైన పలకలకు తగులునట్లు చేయుదురు. అంచు దాటిన కణములు ఆ రేఖల వెంట జాఱి పలకలపై బడును. ఇదియే మన కలుజు. దీనికి డైవర్టరు అని పేరు; దారి మళ్లించునది యని యర్థము. ఇటర్‌లో నిది 54 భాగములుగా, అడుగున వలయముగా అమర్చబడును. హీలియము బూడిదయు దీని త్రోవనే బయటికి పోవును.

కలుజు వెడల్పుగా నున్న నీరు పలుచగా పొర్లి రాళ్లు నిలుచును. ఇఱుకుగా నున్న రాళ్లు లేచిపోవును. మన చిక్కంతయు నిచటనే యున్నది. కణములు రేఖల వెంట మహావేగముగా పరుగెత్తును గావున ప్రక్కలకు విస్తరించుటకు వానికి వ్యవధి చాలదు. నేటి యంత్రములలో కొలిచిన కొలతలను బట్టి ఇటర్‌లో నీ ప్రవాహపు మందము నడిమియెత్తున 1 మిల్లీమీటరు మాత్రమే యుండవచ్చునని 2013 లో ప్రకటించిరి. తరువాతి గణనలు కొన్ని అంతకంటె వెడల్పును ఊహించినవి. యంత్రము పనిచేసిన నాడు గాని తగవు తీరదు. ఏమైనను, కోట్లకొలది వాట్లు సన్నని చాఱవలె పలకలపై పడునన్నది నిశ్చయము. కాబట్టి గోడకు శత్రువు ఉష్ణోగ్రత కాదు. ఒక్క చోటనే కూడి పడు వేడిమి.

అది యెంతయో చూతము. మన దేశమున వేసవిలో మిట్టమధ్యాహ్నపుటెండ ఒక చదరపు మీటరుపై సుమారు వేయి వాట్ల వేడిమిని కుమ్మరించును. డైవర్టరు పలకలు చదరపు మీటరునకు 10 మెగావాట్లు ఎడతెగక భరింపవలెను. అనగా పదివేల మధ్యాహ్నపుటెండలు ఒక్కచోట కలిసినంత. కొన్ని సెకనులపాటు 20 మెగావాట్లయినను ఓర్చుకొనవలెను. సూర్యుని ఉపరితలమునుండియే చదరపు మీటరునకు వెలువడునది 63 మెగావాట్లు. దానిలో ఆఱవవంతును మనుష్యులు చేసిన లోహపుపలక భరించుచుండవలెనన్నమాట.

ఇట్టిచోట గోడను మిక్కిలి మందముగా కట్టిన సరిపోదా యని బాలురు అడుగుదురు. కోటగోడను తలచుకొన్నవారికి అట్లే తోచును. లెక్క వేసి చూతము; ఉన్నత పాఠశాలవారికి ఇది కష్టమైన లెక్క కాదు. పలక వెనుక నీరు పాఱుచున్నదనుకొనుడు. వేడిమి పలక ముఖమునుండి వీపునకు ప్రవహింపవలెనన్న ముఖము వీపుకంటె వేడిగా నుండవలెను. ఎంత వేడిగా? చదరపు మీటరుపై బడు వాట్లను పలక మందముచే గుణించి, ఆ లోహపు ఉష్ణవాహకత్వముచే భాగింపవలెను. టంగ్‌స్టన్ లోహమునకు బాగుగా వేడెక్కినపుడు ఈ సంఖ్య 100 కు కొంచెము పైన నుండును. లెక్క సులభమగుటకు 100 అనుకొందము. మందము 6 మిల్లీమీటర్లయినచో, 1,00,00,000 ను 0.006 చే గుణించి 100 చే భాగింపగా 600 డిగ్రీలు వచ్చును. అనగా పలక ముఖము వీపుకంటె 600 డిగ్రీలు ఎక్కువ వేడిగా నుండును. ఇక బలము కొఱకని మందమును 3 సెంటీమీటర్లు చేసితిమనుకొనుడు. లెక్క 3,000 డిగ్రీలు చూపును. వీపు వేడిని దీనికి కూడినచో లోహము కరగు స్థానమునకు చేరువయగును. గోడ మందమైనకొలది ముఖము మండిపోవును! కావున ఈ కొలిమిగోడ పలుచగా నుండవలెను. పలుచనిగోడ అరుగుదలకు త్వరగా లోనగును. ఆ చిక్కు వేఱు. రెండింటి నడుమ మిల్లీమీటర్ల లెక్కతో బేరము కుదుర్చుకొనవలసినదే.

పలుచని వస్తువు నీటి సాయమున నిప్పుకు నిలుచునను సంగతిని మీరు ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. పెద్దవారిని దగ్గఱ నుంచుకొనుడు. గట్టి కాగితముతో దొన్నె చేసి, దాని నిండ నీరు పోసి, చిన్న దీపపు మంటపై పట్టుడు. నీరు కాగును గాని కాగితము కాలదు. కాగితమునకు వచ్చిన వేడిమిని నీరు వెంటవెంటనే లాగికొనుటయే దీనికి కారణము. అదే కాగితమును నాలుగు మడతలు వేసి చేసినచో వెలుపలి మడతకు నీరు దూరమై అది మాడును. మన లెక్క చెప్పినదియు నిదియే.

కాని నీటికిని ఒక హద్దు గలదు. దోసెలపెనము కాగినదో లేదో చూచుటకు మన తల్లులు దానిపై నీళ్లు చిలుకరింతురు. ఓ మోస్తరు వేడిగల పెనముపై నీటిచుక్క చుయ్యిమని వెంటనే ఆవిరియగును. అతిగా కాగిన పెనముపై చుక్క ఆవిరికాక ముత్యమువలె గుండ్రమై అటునిటు దొరలాడును. చుక్కకును పెనమునకును నడుమ ఆవిరిపొర యేర్పడి, నీటిని లోహమునకు తాకనీయదు. వేడిమి ప్రవాహము ఒక్కసారిగా తగ్గిపోవును. డైవర్టరు గొట్టములో నిట్టి ఆవిరిపొర యేర్పడినచో నీరు పాఱుచునే యున్నను లోహము చల్లబడదు. కొద్ది క్షణములలో గొట్టము కరగి తెగును. నీరు లోనికి చిమ్మును. దీనిని నివారించుటకు రెండుపాయములు చేసిరి. నీటిని సుమారు నలువది వాతావరణముల ఒత్తిడిలో నుంతురు. అప్పు డది 250 డిగ్రీల వఱకు మరుగదు. మఱియు గొట్టములో మెలిత్రిప్పిన లోహపు రేకును దూర్చుదురు. నీరు దానివెంట సుడితిరుగుచు పోవుటచే, పుట్టిన ఆవిరిబుడగలు గోడనుండి విడివడును. ఇంత పెద్ద యంత్రపు ప్రాణము ఇంత చిన్న మెలిరేకుపై నాధారపడియున్నదనుట మాకు వింతగా తోచును.

ఇక గోడను దేనితో చేయవలెను? ఈ ప్రశ్నకు జవాబు ఏబదియేండ్లలో రెండుసార్లు తలక్రిందులైనది. టంగ్‌స్టన్ అను మాటకు స్వీడను భాషలో బరువురాయి యని యర్థము. అది బంగారమంత బరువు. లోహములన్నిటిలోను ఆలస్యముగా కరగునది యిదియే. 3,422 డిగ్రీల వఱకు నిలుచును. మొన్నమొన్నటివఱకు మన యిండ్లలో వెలిగిన గాజుబుడ్డి విద్యుద్దీపములలోని తీగ టంగ్‌స్టన్ తీగయే. కాబట్టి మొదటివారు దానినే వాడిచూచుట సహజము. అమెరికాలోని ప్రిన్‌స్టన్ నగరమున 1970 దశకపు నడుమ పి.ఎల్.టి. అను యంత్రమునందు ప్లాస్మా అంచున టంగ్‌స్టన్ పలకల నమర్చిరి. ఆ పలకలనుండి రాలిన అణువులు ప్లాస్మా నడిమికి జేరగా, నడిమిభాగము వేడెక్కుటకు మాఱుగా చల్లబడెను. టంగ్‌స్టన్ పరమాణువునకు 74 ఎలక్ట్రానులు గలవు. కోట్ల డిగ్రీలలోనైనను అవి యన్నియు ఊడిపోవు. మిగిలినవి తాకిడి తగిలినపుడెల్ల వేడిమిని కిరణములుగా మార్చి బయటికి పాఱవేయుచుండును. కడివెడు పాలకు ఒక ఉప్పుకల్లు చాలునన్నట్లు, లక్ష కణములకు కొన్ని టంగ్‌స్టన్ అణువులు కలిసినను కొలిమి ఆరిపోవు ప్రమాదము గలదు.

అందుచే ఆ పలకలను తీసివేసి బొగ్గుజాతికి చెందిన గ్రాఫైటును పెట్టిరి. కర్బనమునకు ఆఱే యెలక్ట్రానులు. నడిమిలో నవి యన్నియు ఊడిపోవును గావున కీడు స్వల్పము. పైగా కర్బనము కరగదు, నేరుగా ఆవిరియగును. 1978 లో అదే పి.ఎల్.టి. యంత్రము ఆఱుకోట్ల డిగ్రీలను జేరెను. తరువాత నిరువదియేండ్లు కర్బనముదే రాజ్యము. గాని ఉదజనికిని కర్బనమునకును మైత్రి మెండు. రెండును కలిసి వాయువులై గోడను కొఱికివేయును. ఆ వాయువులు మఱొకచోట చల్లబడి మసివలె పేరుకొనును. ఆ మసిలో ట్రిటియము చిక్కుకొనును. ట్రిటియము రేడియోధార్మికము, దుర్లభము. లోపల నెంత నిలువ యుండవచ్చునో కట్టుదిట్టమైన నిబంధన గలదు. ఇంగ్లండులోని కల్హామ్ అను చోట నుండిన జెట్ అను టోకమాకులో 1997 ట్రిటియము ప్రయోగముల తరువాత చూడగా, అందు గణ్యమైన భాగము ఆ పొరలలోనే నిలిచియుండెను. ఈ లెక్కన విద్యుత్కేంద్రము నడువదని తేలిపోయినది.

కావున మరల లోహమువైపు తిరిగిరి. జర్మనీలోని గార్షింగ్ నగరమున ఆస్‌డెక్స్ అప్‌గ్రేడ్ యంత్రపు గోడను కొంతకొంతగా మార్చి 2007 నాటికి పూర్తిగా టంగ్‌స్టన్‌మయము చేసిరి. జెట్ యంత్రమున 2009 మొదలు 2011 వఱకు పాత పలకలనన్నిటిని ఊడదీసి, గోడలకు బెరిలియమును, అడుగున టంగ్‌స్టన్‌ను అమర్చిరి. ఈ పనిలో పెద్దభాగము బయట కూర్చుండి నడుపు యంత్రహస్తముచే జరిగినది. చిక్కుకొను ఇంధనము పదిరెట్లకు పైగా తగ్గెను. ఆ గోడతోనే 2023 లో జెట్ 69 మెగాజూళ్ల శక్తిని పుట్టించి యొక హద్దును నెలకొల్పెను. దానికి ఖర్చయిన ఇంధనము 0.2 మిల్లీగ్రాములు. ఇటర్‌వారు మొదట గోడకు బెరిలియమును నిర్ణయించి యుండిరి. అది తేలికయైనను 1,287 డిగ్రీలకే కరగును, దాని ధూళి ఊపిరితిత్తులకు విషము. 2023 లో వారు ఆ నిర్ణయమును మార్చి, గోడకును టంగ్‌స్టనే యనిరి. ఏబదియేండ్లనాడు వెళ్లగొట్టిన లోహమే నేడు ఇల్లంతయు ఆక్రమించినది. లోహము మారలేదు, దానిని ప్లాస్మా నడిమికి పోనీయకుండ కాపాడు విద్య పెరిగినది.

టంగ్‌స్టన్ పెళుసు. కాబట్టి దానిని చిన్న దిమ్మెలుగా కోసి, నడుమ చిల్లు పొడిచి, ఆ చిల్లులో రాగిమిశ్రమపు నీటిగొట్టమును పూసలలో దారమువలె దూర్చుదురు. రాగి వేడికి టంగ్‌స్టన్‌కంటె దాదాపు నాలుగురెట్లు పెరుగును. రెండింటిని నేరుగా అతికినచో ఒకటి పెరిగి యొకటి పెరుగక అతుకు విడిపోవును. అందుచే రెంటి నడుమ మెత్తని శుద్ధమైన రాగిపొర నుంతురు. తగవులాడు ఇరువురి నడుమ ఓర్పుగల మూడవవాడు కూర్చున్నట్లు, ఆ పొర తాను సాగుచు ముడుగుచు రెంటిని నిలుపును.

ఇంతవఱకు గోడ తన్ను తాను కాపాడుకొను విధము చెప్పితిమి. కాని యిది చాలదు. నిజమైన రక్షణ గోడకు ముందే జరుగవలెను. సాయంకాలపుటెండ మధ్యాహ్నపుటెండవలె కాల్చకుండుటకు ఒక కారణము అది ఏటవాలుగా పడుటయే. అదే వెలుగు ఎక్కువ నేలపై పఱచుకొనును. డైవర్టరు పలకలను కూడ కణముల త్రోవకు మిక్కిలి యేటవాలుగా నిలుపుదురు. ఐతే దిమ్మెలనడుమ సందులుండును గదా. అంత యేటవాలుగా వచ్చు ప్రవాహమునకు ఒక దిమ్మె ప్రక్కదానికంటె వెండ్రుకవాసి పైకి లేచినను దాని యంచు నిటారుగా ఎదురై మండిపోవును. అందుచే ప్రతి దిమ్మె ముఖమును అఱమిల్లీమీటరు వాలుగా చెక్కి, దాని ముందరి యంచు ప్రక్కదిమ్మె నీడలో దాగునట్లు చేయుదురు. మన పెంకుటిండ్లమీద ఒక పెంకు క్రింద మఱొక పెంకు తల దాచుకొనినట్లు. 2013 లో జెట్‌వారు ఒక పలక యంచును కావలెననియే పైకి పొడుచుకొనియుండునట్లు చేసి పరీక్షించిరి. ఆ యంచు కరగి ముద్దలుగట్టెను. ప్లాస్మాకు మాత్రము పెద్ద హాని కలుగలేదు. చెడగొట్టి నేర్చుకొన్న యీ పాఠము ఇటర్ పలకల తీర్పునకు మిక్కిలి తోడ్పడినది.

రెండవ రక్షణ మఱింత చమత్కారమైనది. డైవర్టరు దగ్గఱ కొద్దిగా నత్రజనినో, నియాన్ వాయువునో వదలుదురు. ఆ యణువులు వచ్చుచున్న కణముల వేడిమిని గ్రహించి వెలుగుగా మార్చి నలుదిక్కులకు వెదజల్లును. ఒక చాఱపై పడవలసిన వేడిమి విశాలమైన గోడలన్నిటిపైని పలుచగా పఱచుకొనును. పలకయొద్ద ప్లాస్మా క్రమముగా చల్లబడి, ఎలక్ట్రానులు మరల కేంద్రకములను జేరి, పలకను తాకుటకు ముందే మామూలు వాయువుగా మారిపోవును. అప్పుడు ప్లాస్మా పలకనుండి విడివడినదందురు. నడిమిలో విషమైన లక్షణమే అంచున మందైనది చూడుడు: టంగ్‌స్టన్ నడిమిలో వేడిమిని వెదజల్లి కీడు చేసెను; నత్రజని అంచున అదే పనిచేసి మేలు చేయుచున్నది. ఐతే మోతాదు మించరాదు. వాయు వెక్కువైనచో నడిమికి ప్రాకి కొలిమిని చల్లార్చును. తక్కువైనచో పలక కాలును. క్షణక్షణము కొలిచి, కవాటమును త్రిప్పుచుండవలెను. ఎసరు పొంగకుండ, అన్నము మాడకుండ పొయ్యిలో కట్టెలను ఎగద్రోయుచు వెనుకకు లాగుచు నుండు నేర్పు వంటిదే యిది. కాని యిచట మన చేతులకు అందనంత వేగముగా జరుగవలెను.

అన్నపుకుండ మాట వచ్చినది గావున మఱొక చిక్కును చెప్పెదము. 1982 లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ వాగ్నర్ ప్లాస్మా యొక విచిత్రస్థితిలో తన వేడిమిని మునుపటికంటె ఎక్కువకాలము నిలుపుకొనుట కనుగొనెను. గొప్ప మేలే. కాని ఆ స్థితిలో, మూత బిగించిన కుండలో ఆవిరి పెరిగి మూతను ఎగురవేసినట్లు, అంచు ఉండియుండి తెగి వేడిమిని ఒక్కపెట్టున కక్కును. సెకనులో వేయవవంతులో పడు ఆ దెబ్బలు వేలకొలది తగిలినచో టంగ్‌స్టన్ ముఖము బీటలువాఱును. మూతను కొంచెము ఓరగా పెట్టినట్లు, గోడ లోపల 27 చిన్న అయస్కాంతపు చుట్టల నమర్చి అంచును స్వల్పముగా కలచుటయు, గడ్డకట్టించిన డ్యూటీరియపు గుళికలను విసరి పెద్ద దెబ్బను పెక్కు చిన్న దెబ్బలుగా విడగొట్టుటయు దీనికి కనుగొన్న ఉపాయములు.

ఇవి యన్నియు కాలపరీక్షకు నిలుచునా? కదరాష్‌లోనే ఇటర్ ప్రక్కనున్న వెస్ట్ అను టోకమాకు 2025 ఫిబ్రవరి 12 వ తేదిని టంగ్‌స్టన్ గోడల నడుమ ప్లాస్మాను 1,337 సెకనులు, అనగా ఇరువదిరెండు నిమిషములకు మించి, నిలిపినది. దానికి కొద్దిదినముల ముందే చైనాలోని ఈస్ట్ యంత్రము 1,066 సెకనులు నిలిపియుండెను. వీనిలో వేడిమి ఇటర్‌లో రాబోవు దానికి చాల తక్కువ. అయినను నీరు, రాగి, టంగ్‌స్టన్ మూడును అంతసేపు కలిసి పనిచేయుట చిన్న సంగతి కాదు. మన దేశమున గాంధీనగరము చెంతనున్న ప్లాస్మా పరిశోధనాలయమున 1989 లో ఆదిత్య, 2013 లో ఎస్.ఎస్.టి.-1 అను టోకమాకులు పని ప్రారంభించినవి. ఇటర్‌ను చుట్టి పొదువుకొను ముప్పది మీటర్ల యెత్తుగల ఉక్కుపాత్ర గుజరాతులోని హజీరాలో ముక్కలుగా తయారై ఓడలపై వెళ్లినది. 2024 లో ప్రకటించిన కాలనిర్ణయము ప్రకారము ఇటర్‌లో పరిశోధనలు 2034 లో మొదలుకావలెను. నేడు ఎనిమిదవ తరగతిలో నున్నవారు అప్పటికి అందు పనిచేయు వయస్సువా రగుదురు.

న్యూట్రానుల మాట మిగిలియున్నది. అవి లోహపు అణువులను తమ స్థానములనుండి కదల్చును. ఏండ్లు గడచినకొలది టంగ్‌స్టన్‌లో కొంత రీనియముగను ఆస్మియముగను మారిపోవును. లోహము మఱింత పెళుసై వేడిమిని మునుపటివలె ప్రసరింపనీయదు. మన లెక్కలోని 100 అను సంఖ్య తగ్గిపోవునన్నమాట. అప్పుడు 600 డిగ్రీలు 600 గా నుండవు. అంత వేడిమిని, అన్ని న్యూట్రానులను ఒక్కసారి యేండ్ల తరబడి గోడపై కురిపించి పరీక్షించు యంత్రము ఇంతవఱకు లేదు. కొందఱు గట్టి గోడయే వలదు, కరగిన లిథియమునో తగరమునో పలకపై తడిగా నిలిపిన అది యెప్పటికప్పుడు క్రొత్తదగునుగదా యని ప్రయత్నించుచున్నారు.

జెట్ యంత్రము నలువదియేండ్లు పనిచేసి 2023 డిసెంబరు 18 వ తేదిని ఆగిపోయినది. ఆనాటి తుదిప్రయోగములో, ఇన్నాళ్లు కాపాడిన ఆ గోడనే గురిచేసి, మహావేగముగల ఎలక్ట్రానుల ధారను లోపలిగోడపైకి కావలెననియే త్రిప్పిరి. ప్లాస్మా అదుపుతప్పి హఠాత్తుగా కూలినపుడు ఇట్టి ధార పుట్టి గోడను తొలచునను భయము ఇటర్‌కు గలదు. అది యెంత లోతుగా తొలచునో కన్నులార చూచుటకు, మరల వాడనక్కఱలేని గోడకంటె తగిన స్థలము దొరకదు. తరువాత యంత్రహస్తమును లోనికి పంపి పలకలను కొన్ని విప్పి తెచ్చిరి. వానిలో కరగినదెంత, అరగినదెంత, చిక్కిన ట్రిటియమెంత యని వానిని పరీక్షించుచున్నారు.